నెటిల్ సుగంధ తైలం కీళ్ల నొప్పికి పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 54 సంవత్సరాలు. కుడి మోకాలు, కుడిచేతి బొటనవేలి మొదలు చాలాకాలంగా నొప్పి పెడుతున్నాయి. ఎక్స్‌రే చూసిన డాక్టరు కీళ్ల అరుగుదల అన్నారు. తెలిసినవారు ఒక చిన్న సీసా ఇచ్చారు. దాని మీద ‘స్టింగింగ్ నెటిల్ ఎసెన్షియల్ ఆయిల్, నూరు శాతం స్వచ్ఛం’ అని ఉంది. కీళ్ల నొప్పులకూ, ప్రొస్టేట్ వాపుకూ, జుట్టు రాలడానికీ ఇదొక్కటే చాలని వెంట వచ్చిన కాగితంలో రాశారు. నూనె చిక్కటి ఆకుపచ్చ రంగులో ఉంది. మావారికి 61 ఏళ్లు. ప్రొస్టేట్ పెరగడం వల్ల రాత్రిళ్లు పలుమార్లు మూత్రానికి లేస్తున్నారు. గుండె కవాటం మార్చిన తరువాత నుంచి రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడుతున్నారు. ఆయన ఈ నూనె నాలుగు చుక్కలు వేడినీళ్లలో వేసుకుని తాగవచ్చా? నేను మోకాలికి రాసుకోవచ్చా? మా అమ్మాయికి జుట్టు బాగా రాలుతోంది, తలకు పట్టించవచ్చా?

సమాధానం: ముందుగా మీవారి సంగతి చెబుతాను, ఎందుకంటే ఆలస్యం చేయకూడనిది అదొక్కటే. ఆ నూనెను ఆయన తాగకూడదు. ఇప్పటికే తాగి ఉంటే, ఎన్ని రోజులు, ఎన్ని చుక్కలు తాగారో కాగితం మీద రాసి, సీసాతో సహా వార్ఫరిన్ మోతాదు చూసే డాక్టరుకు చూపించి, రక్తం గడ్డకట్టే వేగాన్ని కొలిచే ఐఎన్ఆర్ పరీక్షను ఒకసారి ముందుగానే చేయించండి. చిగుళ్ల నుంచి రక్తం రావడం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు పడటం, మూత్రంలోనో మలంలోనో రక్తం కనిపించడం వంటివి ఉంటే పరీక్ష తేదీ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇందుకు కారణాలు రెండున్నాయి. సీసాలో ఉన్నది నిజమైన సుగంధ తైలమే అయితే, అది మొక్కలోని ఆవిరయ్యే పదార్థాలు అత్యంత గాఢంగా చేరిన ద్రవం. నీటిలో కలవదు కనుక చుక్కలుగా పైకి తేలి, నోటి పొరనూ అన్నవాహికనూ నేరుగా తాకుతుంది. సీసాలో ఉన్నది సుగంధ తైలం కాక ఆకును నానబెట్టి తీసిన నూనె అయితే, అందులో నూనెలో కరిగే విటమిన్ కె ఉండే అవకాశం ఉంది. వార్ఫరిన్ పనిచేసేదే విటమిన్ కె పనిని అడ్డుకోవడం ద్వారా కాబట్టి, ఒక రోజు తాగి మరో రోజు మానేసే అలవాటు ఆయన మోతాదును తారుమారు చేస్తుంది. కృత్రిమ కవాటం ఉన్న మనిషికి రక్తం ఎక్కువ పలచబడినా ప్రమాదమే, తక్కువ పలచబడినా ప్రమాదమే.

ఇక మీ సీసాలో ఉన్నది ఏమిటన్న ప్రశ్నకు వస్తే, మీరు రాసిన ఒక్క వివరమే చాలావరకు సమాధానం చెబుతోంది. నూనె చిక్కటి ఆకుపచ్చగా ఉందన్నారు. ఆకులకు ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం ఆవిరితో పాటు పైకి లేచే పదార్థం కాదు. ఆవిరితో బట్టీ పట్టి తీసిన తైలంలోకి అది రాదు. ఆకును మామూలు నూనెలో నానబెట్టినప్పుడు మాత్రం పత్రహరితం నూనెలో కరిగి దట్టమైన పచ్చదనాన్ని ఇస్తుంది. కాబట్టి మీ దగ్గర ఉన్నది పొద్దుతిరుగుడు నూనెలోనో ఆలివ్ నూనెలోనో నెటిల్ (ఒంటికి తగిలితే కుట్టి మంట పుట్టించే ఒక మొక్క) ఆకు నానబెట్టి వడగట్టినది అయ్యుండాలి, లేదా రంగు కలిపినదైనా అయ్యుండాలి. నిర్ధారణ కోసం ఒక చిన్న పని చేయండి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి, గాలి తగిలే చోట ఒక రోజు వదిలేయండి. సుగంధ తైలం దాదాపుగా ఎగిరిపోతుంది, మిగిలితే చిన్న మరకో కాస్త వాసనో మిగులుతుంది. నానబెట్టిన నూనె అయితే కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నప్పుడు కాంతి దాటివచ్చే జిడ్డు వలయం మరునాటికీ అలాగే ఉంటుంది. సీసా మీది సన్నటి అక్షరాలనూ చదవండి. అర్టికా డయోయికా అనే శాస్త్రీయ నామం, మొక్కలో ఏ భాగం వాడారు, ఏ పద్ధతిలో తీశారు, ఇంకేం కలిపారు అన్న నాలుగు విషయాలూ లేని సీసా మీద ‘నూరు శాతం స్వచ్ఛం’ అన్న మాటకు నేనైతే విలువ ఇవ్వను.

నెటిల్ నుంచి అసలు సుగంధ తైలం రాదా అంటే, వస్తుంది, కానీ చాలా కొద్దిగా వస్తుంది. నీలగిరి, పుదీనా, లావెండర్ వంటి మొక్కల్లో తైలాన్ని దాచుకునే ప్రత్యేకమైన గ్రంథులు ఉంటాయి. ఆకు నలిపితే వాసన గుప్పుమనడానికి అవే కారణం. నెటిల్ ఆకు నలిపితే (చేతికి తొడుగు వేసుకునే సుమా) పచ్చిగడ్డి వాసన తప్ప మరేమీ రాదు. దాని ఆకుల మీద ఉన్న నూగులో కుట్టేది తైలపు గ్రంథి కాదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవున్న బోలు వెంట్రుక అది. దాని కొన సిలికాతో గట్టిపడి, గాజులా పెళుసుగా ఉంటుంది. చర్మం తగలగానే ఆ కొన ఏటవాలుగా విరుగుతుంది, మిగిలిన మొన చర్మంలోకి దిగి, కింద ఉబ్బుగా ఉన్న భాగంలోని ద్రవాన్ని లోపలికి వదులుతుంది. ఆ ద్రవంలో హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ ఉన్నాయని 1947లోనే తేలింది, ఆ తరువాత సెరటోనిన్ కూడా ఉందని గుర్తించారు. మంట, దద్దుర్లు, గంటల తరబడి చురుక్కుమనడం వీటి కలయిక వల్లే కలుగుతాయి. ఆకు బాగా ఎండినా, ఉడికినా ఈ వెంట్రుకలు కుట్టే శక్తిని కోల్పోతాయి. అన్నట్టు, దురదగొండి, దూలగొండి అని మనం పిలిచే మొక్కలు వేరే కుటుంబాలకు చెందినవి. ఒంటికి తగిలితే దురద పుట్టించే మొక్కలన్నిటికీ ఒకే వైద్యగుణం ఉంటుందనుకుని వాటిని నెటిల్‌కు బదులుగా వాడకూడదు.

బట్టీ పట్టగా వచ్చిన ఆ కొద్దిపాటి తైలంలో ఏముందో పరిశీలించినవారు లేకపోలేదు. టర్కీ పరిశోధకులు 2012లో ప్రచురించిన విశ్లేషణలో కార్వక్రాల్ సుమారు 38 శాతం, కార్వోన్, నాఫ్తలీన్ చెరొక 9 శాతం దాకా కనిపించాయి. మొక్క పెరిగిన నేల, కోసిన కాలం, బట్టీ పట్టిన తీరును బట్టి ఈ పాళ్లు మారిపోతాయి. కార్వక్రాల్ అంటే ఒరెగానో తైలానికి ఘాటునిచ్చే పదార్థం. సూక్ష్మజీవులను అణచే శక్తి దానికి ప్రయోగశాలలో స్పష్టంగా కనిపిస్తుంది, అంతే స్పష్టంగా చర్మాన్ని మండించే గుణమూ ఉంది. అంటే నెటిల్ తైలం సూక్ష్మజీవులను చంపుతుందని ఎవరైనా రాస్తే, ఆ ఘనతలో పెద్ద వాటా కార్వక్రాల్‌ది అయ్యుండవచ్చు. ఆ పని కోసం నెటిల్‌నే వెతుక్కోనక్కరలేదు. పైగా అదే పరిశోధనలో, గాజు పాత్రలో పెంచిన మానవ రక్తంలోని తెల్లకణాల మీద ఈ తైలాన్ని పరీక్షించినప్పుడు, క్రోమోజోములు దెబ్బతిన్న లక్షణాలు కూడా కనిపించాయి. గాజు పాత్రలో కనిపించినది మనిషి శరీరంలోనూ అలాగే జరుగుతుందని అనలేం. అయితే అదే న్యాయం గాజు పాత్రలో కనిపించిన మంచి ఫలితాలకూ వర్తిస్తుంది. వాటిని మాత్రమే ఏరి కాగితం మీద అచ్చువేయడం నాకు నచ్చని పద్ధతి.

నెటిల్‌కు వైద్యంలో ఉన్న పేరు వట్టిదేమీ కాదు, కానీ ఆ పేరు తైలం వల్ల వచ్చింది కాదు. ఆకులో కెఫియోయిల్‌మాలిక్ ఆమ్లం, క్లోరోజెనిక్ ఆమ్లం వంటి ఫినాలిక్ పదార్థాలు, క్వెర్సిటిన్, రుటిన్ వంటి ఫ్లేవనాయిడ్లు, పొటాషియం, కాల్షియం, ఇనుము వంటి ఖనిజాలు ఉన్నాయి. వేరులో స్టెరాల్స్, లిగ్నాన్లు, పాలీశాకరైడ్లు, 1984లో వేరుచేసిన ఒక ప్రత్యేకమైన లెక్టిన్ ప్రొటీను ఉన్నాయి. వీటిలో దాదాపు ఏదీ ఆవిరితో ప్రయాణించదు. ఉప్పునీటిని మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకున్న నీటిలో ఉప్పు లేనట్టే, నెటిల్‌ను బట్టీ పట్టి తీసిన తైలంలో నెటిల్‌కు పేరు తెచ్చిన పదార్థాలు ఉండవు. అవి బట్టీలో అడుగున మిగిలిన నీటిలోనూ పిప్పిలోనూ ఉండిపోతాయి. వాటిలో కొన్ని వేడినీటిలోకి, కొన్ని ఆల్కహాలు కలిపిన నీటిలోకి, స్టెరాల్స్ వంటివి కొంతవరకు మామూలు నూనెలోకి దిగుతాయి. ఆకు కషాయం మీద చేసిన పరిశోధనను చూపించి తైలాన్ని, వేరు సారం మీద చేసిన పరిశోధనను చూపించి ఆకు నూనెను అమ్మడం ఈ వ్యాపారంలో మామూలైపోయింది. మీకు వచ్చిన కాగితంలోని మూడు ప్రయోజనాలనూ ఈ దృష్టితోనే విడివిడిగా చూద్దాం.

కీళ్ల నొప్పి విషయంలో నెటిల్ మీద జరిగిన ఆసక్తికరమైన పరీక్ష సరిగ్గా మీకున్న బాధ మీదే జరిగింది. బొటనవేలి మొదట కీలు అరిగి నొప్పి పడుతున్న 27 మందితో ఇంగ్లండులో చేసిన ఆ అధ్యయనం 2000 సంవత్సరంలో వెలువడింది. వారు నూనె రాయలేదు, పచ్చి నెటిల్ ఆకును రోజూ నొప్పి ఉన్న చోట తాకించి కుట్టనిచ్చారు. అలా ఒక వారం చేసి, కొంత విరామం తరువాత మరో వారం, చూడటానికి అలాగే ఉండి కుట్టని తెల్ల డెడ్‌నెటిల్ ఆకును తాకించి పోల్చారు. కుట్టే ఆకు వాడిన వారంలో నొప్పి, చేతి పనుల్లో ఇబ్బంది గుర్తించదగినంత తగ్గాయి. తక్కువ మందితో, తక్కువ కాలం జరిగిన పరీక్ష ఇది. ఒక ఆకు కుడుతుంది, మరొకటి కుట్టదు కాబట్టి ఏ వారం ఏది వాడుతున్నారో కనిపెట్టడం వాడినవారికి కష్టమేమీ కాదు. ఈ లోపాలను దృష్టిలో ఉంచుకున్నా, ఇక్కడ పనిచేసినది, పనిచేసి ఉంటే, చర్మంలోకి దిగిన కుట్టే ద్రవమూ అది రేపిన మంటా అయ్యుండాలి. సీసాలోని నూనెలో ఆ వెంట్రుకలూ లేవు, ఆ ద్రవమూ లేదు. మరో చిన్న పరీక్షలో, 1997లో, ఉడికించిన నెటిల్ ఆకు రోజుకు 50 గ్రాములు తింటూ 50 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాడినవారికీ, ఆకు లేకుండా 200 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ వాడినవారికీ ఉపశమనం ఇంచుమించు సమానంగా కనిపించింది. అక్కడా వాడినది ఆకే. జర్మనీలో మూలికా వైద్యాన్ని సమీక్షించిన కమిషన్ ఇ, కీళ్లవాతపు నొప్పులకు తోడు చికిత్సగా అంగీకరించినది కూడా ఆకునే, రోజుకు 8 నుంచి 12 గ్రాముల ఎండు ఆకు లెక్కన.

అందువల్ల మీ మోకాలికి ఆ నూనె రాసుకోవచ్చా అంటే, కాగితం పరీక్షలో అది నానబెట్టిన నూనెగా తేలితే మర్దనకు వాడుకోవచ్చు, ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగి, ఎర్రబడటం, దురద లేవని చూసుకున్న తరువాత. మర్దన వల్ల, వెచ్చదనం వల్ల కలిగే హాయి మీకు దక్కుతుంది. దానికి మించి నెటిల్ వల్ల ఏదో జరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఒకవేళ అది నిజంగా సుగంధ తైలమే అయితే నేరుగా రాయకూడదు. 30 మిల్లీలీటర్ల మామూలు నూనెలో 12 చుక్కల దాకా కలిపితే సుమారు 2 శాతం గాఢత వస్తుంది. కార్వక్రాల్ ఎక్కువగా ఉండే తైలానికి అదీ ఎక్కువే, సగంతో మొదలుపెట్టడం మేలు. పగిలిన చర్మం మీద, పుండ్ల మీద ఏ రకమైనా రాయవద్దు. అరిగిన మోకాలికి ఇంతకన్నా గట్టి ఆధారాలున్నవి తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, బరువు ఎక్కువగా ఉంటే తగ్గించుకోవడం, డాక్టరు ఒప్పుకుంటే పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్. మీరు వీటిలో ఏదీ ప్రస్తావించలేదు కనుక అడుగుతున్నాను, ఫిజియోథెరపిస్టును ఒకసారైనా కలిశారా?

ప్రొస్టేట్ విషయంలో ఆధారాలు కొంచెం మెరుగ్గా ఉన్నాయి. ఇరాన్‌లో 620 మందితో ఆరు నెలల పాటు జరిగి 2005లో వెలువడిన పరీక్షలో, నెటిల్ సారం తీసుకున్నవారికి మూత్ర ఇబ్బందుల తీవ్రతను కొలిచే ఐపీఎస్ఎస్ అంకె సగటున 19.8 నుంచి 11.8కి తగ్గింది. పోలిక కోసం ఇచ్చిన, మందు గుణం లేని ఉత్తుత్తి మందు తీసుకున్నవారికి 19.2 నుంచి 17.7కి మాత్రమే తగ్గింది. గ్రంథి పరిమాణంలో తగ్గుదల కొద్దిపాటిదే. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ నెటిల్ వేరును ఈ ఇబ్బందులకు, తీవ్రమైన జబ్బేదీ లేదని డాక్టరు నిర్ధారించిన తరువాత, చిరకాల వాడుక ఆధారంగా అంగీకరించింది. గమనించవలసినది ఏమిటంటే, అది వేరు. ఆకు కాదు, తైలం అసలే కాదు. అది కూడా బాధను తగ్గించవచ్చునే గాని పెరిగిన గ్రంథిని మామూలు స్థితికి తీసుకురాదు. మీవారి విషయంలో వార్ఫరిన్ ఉంది కనుక వేరు సారాన్ని కూడా సొంతంగా మొదలుపెట్టవద్దు. యూరాలజిస్టుకూ గుండె డాక్టరుకూ ఇద్దరికీ చెప్పి, వారు సరేనంటేనే, ఐఎన్ఆర్ చూసుకుంటూ వాడాలి. రాత్రి పలుమార్లు లేవడానికి ప్రొస్టేటే కాక చక్కెర వ్యాధి, నీరు తీసే మాత్రలు వేసుకునే వేళ, పడుకునే ముందు తాగే ద్రవాలు కూడా కారణం కావచ్చు. మూత్రం పూర్తిగా ఆగిపోవడం, జ్వరంతో మంట రావడం, ఎర్రగా రావడం జరిగితే మూలికల ఆలోచన పక్కనపెట్టి వెంటనే వెళ్లాలి.

నెటిల్ ఆకు టీ గురించి మీరు అడగకపోయినా, సీసా తరువాత చాలామంది వెళ్లేది దాని దగ్గరికే కనుక రెండు మాటలు. ఒక విడతకు 2 నుంచి 4 గ్రాముల ఎండు ఆకును మరిగిన నీటిలో వేసి మూతపెట్టి పది నిమిషాలు ఉంచి వడగట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆరోగ్యవంతులైన పెద్దవారికి ఇది పెద్దగా ఇబ్బంది పెట్టదు, కొందరికి కడుపులో వికారం, విరేచనాలు, చర్మం మీద దద్దుర్లు రావచ్చు. వార్ఫరిన్ వాడేవారు, రక్తపోటుకో చక్కెరకో మందులు వేసుకునేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. గుండె పనితీరో మూత్రపిండాల పనితీరో దెబ్బతిని, ద్రవాలు తక్కువ తాగమని డాక్టరు చెప్పినవారూ, గర్భిణులూ దూరంగా ఉండాలి. ఇన్సులిన్ అవసరమైన టైప్ 2 మధుమేహులకు మూడు నెలలు ఆకు సారం ఇచ్చిన పరీక్షలో రక్తంలో చక్కెర తగ్గింది. మందులతో పాటు తీసుకుంటే చక్కెర మరీ పడిపోతుందన్న హెచ్చరికకు అదే ఆధారం. తుమ్ములు, ముక్కు కారడం విషయంలో 1990లో 69 మంది పూర్తి చేసిన పరీక్షలో ఎండబెట్టిన ఆకు ఉత్తుత్తి మందు కన్నా కాస్త మెరుగనిపించింది, అంతకు మించి చెప్పుకోదగినది లేదు.

మీ అమ్మాయి జుట్టు సంగతికి వస్తే, నెటిల్ వేరు సారం, జుట్టు పలచబడటంలో పాత్ర ఉన్న మగ హార్మోనును మరింత చురుకైన రూపంలోకి మార్చే ఎంజైమును గాఢమైన మోతాదులో ప్రయోగశాలలో అడ్డుకుందన్న ఒక్క మాట చుట్టూనే కాగితంలోని ఆ వాక్యం అల్లుకుని ఉంటుంది. ప్రయోగశాలలోని వేరు సారానికీ, తలకు రాసే ఆకు నూనెకూ మధ్య దూరం చాలా ఉంది. నానబెట్టిన నూనె అయితే తలకు పట్టించడం వల్ల హాని లేదు, వెంట్రుకలు పొడిబారకుండా ఉండటానికి ఏ నూనె చేసే మేలు అదీ చేస్తుంది. రాలడం ఆగాలంటే ముందు ఎందుకు రాలుతోందో తెలియాలి. యువతుల్లో ఇనుము తక్కువ కావడం, థైరాయిడ్ లోపం, రెండు మూడు నెలల కిందట వచ్చిన పెద్ద జ్వరం, ఒక్కసారిగా బరువు తగ్గడం, బాలింతదశ తరచుగా కనిపించే కారణాలు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించి, నెలసరి క్రమం తప్పుతోందా, పాపిట వెడల్పవుతోందా, లేక గుండ్రంగా ఒకచోట ఊడుతోందా అన్నది చర్మవ్యాధుల డాక్టరుకు చెప్పండి. వైద్యం ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది.

మర్దనకు నెటిల్ నూనె కావాలనే అనిపిస్తే, తెలియని సీసా కన్నా ఇంట్లో చేసుకోవడం నయం. ఆకు నెటిల్‌దేనని రూఢి అయ్యాక, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని లేత కొమ్మలు కోసి, నీడలో, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యేదాకా ఎండనివ్వాలి. కుట్టడం ఆగేదీ అప్పుడే, బూజు రాకుండా ఉండేదీ అందువల్లనే. తడి లేని గాజు సీసాలో ఆకు సగం దాకా నింపి, పూర్తిగా మునిగేలా నూనె పోసి, మూతపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలు వెచ్చటి చోట ఉంచి, మధ్యమధ్య కదిపి, గుడ్డలో వడగట్టాలి. నూనె పైకి ఒక్క ఆకు కొన తేలినా బూజు అక్కడే మొదలవుతుంది కనుక మొదటి రోజుల్లో మూత తీసి చూసి, తేలినదాన్ని కిందికి నొక్కండి. దీన్ని పైపూతకే వాడాలి, లోపలికి తీసుకోకూడదు. ముదురు రంగు సీసాలో, చల్లటి చోట పెట్టి, తయారుచేసిన తేదీని దాని మీద రాయండి. నూనె కారు వాసన వేస్తే పారబోయండి.